ఘాటీలో తోసిన సెయ్యి

పాలకొండ బస్టాండు ఎనకాల నాది సైకిల్ షాపు. తిరుమలరావు అంటే సెక్రం తిరిగే సప్పుడు ఇని వంకర సెప్పీసే మొనగాడని ఇటేపు పసిగుంటల్ని అడిగినా సెప్తారు. నమ్మకపోతే మీ ఇష్టం.

ఒకనాడు శ్రావణి టీచరమ్మ షాపుకొచ్చినాది. సికాకుళంలో సైకిళ్ళు తొక్కేవోళ్ళ జట్టు ఒకటున్నాది, దానికి ఈవిడే పెద్ద. ఫోన్లో మేప్ తీసి సూపించినాది. పాలకొండలో బయలెల్లి, సీతంపేట కొండల సుట్టూ తిరిగి, మళ్ళీ పాలకొండకే వచ్చీసే తోవ. అంతా పచ్చ గీత. మధ్యలో ఒక్కసోట ఎర్రగున్నాది.

“ఈ ఎర్రదే నా భయం అన్నా. గుమ్మడిగెడ్డ ఘాటీ. మావాళ్ళు ఎక్కగలరా, తీసేమంటారా?”

“తీసీడమేటమ్మా! గేర్లు నేని నా డొక్కు సైకిల్ మీద, కాలు కింద పెట్టకుండా ఎక్కీసినాను. ఒంటి సేత్తో. రెండో సేతిలో టీ గలాసు.”

నా బావమరిది ప్రదీప్ బల్ల మీద కూకుని బటానీలు నముల్తన్నాడు. “బావా, సంతకెల్తేనే రొప్పుతావు. టీ ఒలకనేదేటి?”

“ఒలికితే మళ్ళీ పోయించుకున్నాన్రా.”

టీచరమ్మ నవ్వనేదు. “అయితే శనివారం ఎక్కి చూపించండన్నా. మీరెక్కితే ఉంచుతాను, లేకపోతే తీసేస్తాను. ఆడపిల్లలూ వస్తారు, పెద్దవాళ్ళూ వస్తారు. ఎవరికైనా ఏదైనా అయితే నాదే పూచీ.”

అలగ ఇరుక్కున్నాను.

శనివారం పొద్దు వాలతన్నాది. టీచరమ్మా, ప్రదీపూ మోటారుబండి మీద ముందెల్లి కొండ మీద కాసుకున్నారు. నాను కిందనుంచి తొక్కడం మొదలెట్టినాను. రెండేపులా జీడితోటలు. కొండమీంచి మంచు పొగలాగ దిగతన్నాది. పక్కన గెడ్డ నీళ్ళ సప్పుడు. ఎక్కడో మేకల గంటలు ఇనపడి, ఆగిపోనాయి. నా చైను ఒక్కటే కిర్రు కిర్రుమంటన్నాది.

మూడో మలుపుకి తొడలు రాళ్ళయిపోనాయి. ఎవులైనా సూస్తన్నారేటని అటూ ఇటూ సూసినాను. ఎవులూ నేరు. కాలు దించీబోనాను.

సీటు ఎనకాల ఒక సెయ్యి పడ్డాది.

మెత్తగా తోసినాది. సైకిల్ ముందుకెల్లినాది.

ప్రదీపే దిగొచ్చినాడనుకున్నాను. “ఒరే, టీచరమ్మకి సెప్పకు” అని గుసగుసలాడినాను. పలకనేదు. అడుగుల సప్పుడు నేదు. వాసనొక్కటే… తడిసిన గోనెసంచీ, పాత సింతపండు.

తొక్కడం ఆపినాను. సైకిల్ ఆగనేదు.

పైన మలుపులో ఫోన్ లైటు ఎలిగినాది. “బావా! రా బావా!” ప్రదీప్ గొంతు. పైనుంచి.

మరి ఎనకాల ఎవులు?

మా అయ్య ఈ ఘాటీలోనే సైకిల్ మీద సింతపండు బస్తాలు ఎక్కించీవోడు. ఒకడు హేండిల్ పడితే ఒకడు ఎనకనుంచి తోసీవోడు. కొండెక్కినాక హేండిల్ పట్టినోడు అందరి ముందరా “నువ్వే ఎక్కించినావు” అనాల. నీళ్ళు ముందు తోసినోడికే ఇవ్వాల. అనకపోతే ఆడు సెయ్యి ఒగ్గడు, తోస్తానే ఉంటాడు. ఇది ఆళ్ళ కట్టుబాటు. నాకు తెలుసును. తెలిసే…

పైకెక్కీసరికి ప్రదీప్ వీడియో తీస్తన్నాడు. టీచరమ్మ సప్పట్లు కొట్టినాది. నీళ్ళసీసా నా సేతికిచ్చి, “ఎవరి సాయమూ లేదు కదా అన్నా?” అన్నాది.

“ఎవులమ్మా? నానొక్కడినే.”

నీళ్ళన్నీ నానే తాగీసినాను.

నా ఎనకాల సైకిల్ సీటు స్ప్రింగు కిర్రుమన్నాది.

దిగీటప్పుడు ఆళ్ళ బండి ముందెల్లిపోనాది. సీకటి పడిపోనాది. బ్రేకు పట్టినాను. ఆగనేదు. గట్టిగా పట్టినాను. రబ్బరు కాలిన వాసన… ఆ సెయ్యి సీటు మీదే ఉన్నాది. పల్లంలో కూడా తోస్తన్నాది.

“నువ్వే ఎక్కించినావు… నువ్వే…” సిన్నగా అన్నాను.

ఇంకా జోరుగా తోసినాది. అందరిముందరా అబద్ధమాడి, సీకట్లో గుసగుసలాడితే ఏటి లాభం? మలుపు వస్తన్నాది. అవతల లోయ. దూరంగా ప్రదీప్ బండి ఎర్రలైటు…

“నానెక్కనేదురా! నన్ను తోసినారు! నానెక్కనేదు!” గొంతు సిరిగిపోయేటట్టు అరిసినాను.

సెయ్యి ఒగ్గీసినాది. నాను తుప్పల్లో పడ్డాను.

ఆళ్ళు ఎనక్కొచ్చినారు. “ఏటరిసినావు బావా? గాలికి ఇనపడనేదు” అన్నాడు ప్రదీప్. టీచరమ్మ తన తువ్వాలు సింపి నా మోకాలికి కట్టినాది. అప్పుడే నిజం సెప్పాల్సింది. ఆయమ్మ మొకం సూడనేక నేల సూస్తా, “నక్క అడ్డమొచ్చినాది. నక్కేటి, ఎలుగుబంటి!” అనీసినాను.

ఆ వీడియో అందరికీ పాకిపోనాది. తెలీనోళ్ళు ఫోన్ సేసి మరీ మెచ్చుకుంటన్నారు. ఆళ్ళు మెచ్చుకున్నకొద్దీ నాకు ముద్ద దిగనేదు. రేపు సెప్దాం, రేపు సెప్దాం అని రోజులు దాటించీసినాను. ఆఖరికి, రేపు జట్టు రైడనగా, టీచరమ్మ సైకిల్‌కి గాలి సూపించుకుందికి షాపుకొచ్చినాది. షాపు నిండా జనం. అయినా సెప్పీసినాను.

“అమ్మా, ఘాటీ తీసీ. నానెక్కనేదు. ఎనకనుంచి ఏదో తోసినాది.”

షాపంతా గొల్లుమన్నాది. ప్రదీప్ నోట్లో బటానీలు బయటికొచ్చీసినాయి. “ఎలుగుబంటేనా బావా తోసినాది?” నా సెవులు కాలిపోనాయి. తలెత్తనేకపోనాను.

టీచరమ్మ కూడా నవ్వినాది. “తీసేదేముందన్నా? మీ వీడియో చూసి ధైర్యమొచ్చి, పొద్దున్నే నేనూ ఎక్కి వచ్చేశాను. ఊరికే భయపడ్డాను గానీ, అసలు కష్టమే తెలీలేదు.”

“ఎవులైనా… తోసినారేటమ్మా?”

“ఎవరు తోస్తారు? నేనొక్కదాన్నే ఎక్కాను.”

షాపులో గ్రీజు వాసన తప్ప ఏటీ ఉండదు. అప్పుడు సింతపండు వాసనేసినాది.

“ఆ మాట అనకమ్మా… దిగు…” అంటన్నాను. నా గొంతు ఆ నవ్వుల్లో కలిసిపోనాది. ఆయమ్మ అప్పటికే సైకిలెక్కీసినాది. షాపు ముందరనుంచి కాలవ వంతెన దాకా అంతా ఎత్తే. ఆ ఎత్తెక్కుతా, నాకేసి తిరిగి సెయ్యూపినాది.

ఆయమ్మ కాళ్ళు తిరగడం నేదు.