అవ్వ నాలుక మీద తెల్లమచ్చలు

పొద్దున్నే డ్యూటీకి తయారవుతూ తిరుమల తల్లి బుచ్చవ్వకు కారం దట్టించిన సర్వపిండి రొట్టె పెట్టింది. ఆమె ఒక్క ముక్క నోట్లో వేసుకుని, మంటకు కళ్లలో నీళ్లు తిరిగి పక్కకు పెట్టేసింది. తిరుమల ఆమె గడ్డం పట్టుకుని నోరు తెరిపించింది. నాలుక నిండా పెరుగు చిమ్మినట్టు తెల్లమచ్చలు.

తిరుమల హుస్నాబాద్ చుట్టుపక్కల ఊళ్లకు ఏఎన్ఎం. పసిపిల్లల నోళ్లలో అలాంటి పూత చాలాసార్లు చూసింది. అరవై దాటిన తల్లికెందుకొచ్చిందో అర్థంకాక, సెలవు పెట్టి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది.

కట్టుడు పళ్లున్నాయా, తంబాకు నములుతుందా, దమ్ముకు, ఆయాసానికి మందు పీలుస్తుందా అని డాక్టరు వరసగా అడిగాడు. అన్నిటికీ తిరుమలే లేదని చెప్పింది. పరీక్షలో షుగరు మాత్రం మూడొందలు దాటింది. పోయినేడు మామూలుగానే ఉండేది. డాక్టరు బుచ్చవ్వ ఉబ్బిన ముఖం కేసి చూశాడు.

"నొప్పులకు ఏమన్న గోలీలు మింగుతున్నవా అవ్వా?"

బుచ్చవ్వ కూతురి వైపు చూడకుండా కొంగుముడి విప్పింది. పేరులేని పొట్లంలో చిన్న చిన్న గోలీలు. స్టెరాయిడ్లలా ఉన్నాయని, వాటివల్లే షుగరు పెరిగి నోట్లో ఫంగస్ చేరి ఉంటుందని డాక్టరు చెప్పాడు. ఒక్కసారిగా ఆపొద్దని, తాను చెప్పినట్టు తగ్గించుకుంటూ రావాలని చెప్పి, నోటికి మందు రాసిచ్చాడు.

ఇంటికొచ్చాక తెలిసింది, ఎనిమిది నెలలుగా పెద్దపల్లి నుంచి వాటిని తెచ్చిస్తున్నది తన భర్త శ్రీహరేనని. ఇలాంటి మందులు వాడొద్దని ఊరూరా తిరిగి చెప్పేది తిరుమలే.

"ఇద్దరు కలిసి నన్ను పిచ్చిదాన్ని చేసిండ్రు. నాతోని ఒక్క మాట చెప్పబుద్ధి కాలేదా?"

అత్త ఒట్టు వేయించుకుందని, మామూలు నొప్పి గోలీలే అనుకున్నానని శ్రీహరి గొణిగాడు.

"అల్లున్ని ఏమనకు," అంది బుచ్చవ్వ. "ముందుగాల నీకే చెప్పిన బిడ్డా. మోకాళ్లు లేస్తలేవంటే, వయసు మీదపడ్డది, అట్లనే ఉంటదన్నవు. నేను మంచాన పడితే నీ బిడ్డను ఎవరు చూస్తరు? నువ్వు డ్యూటీకి ఎట్ల పోతవు?"

తిరుమలకు ఆ రోజు గుర్తొచ్చింది. సర్వే కాగితాలు నింపుతూ, తలెత్తకుండానే ఆ మాట అంది. ఊళ్లో ఎందరో ముసలివాళ్ల కాళ్లు పట్టి చూసింది గాని, తల్లి మోకాలు ఒక్కసారి కూడా ముట్టుకోలేదు.

శ్రీహరితో ఆ పూట మాట్లాడలేదు. తల్లి నోట్లో మందు చుక్కలు వేసి, కింద కూర్చుని, వాచిన మోకాలి మీద చెయ్యి పెట్టింది.

"ఎక్కడ నొస్తుందవ్వా?"

నోట్లో మందు ఉండడంతో బుచ్చవ్వ మాట్లాడలేక, కూతురి చెయ్యి పట్టుకుని నొప్పి ఉన్నచోటికి జరిపింది. తిరుమల ఆ చెయ్యి తీయకుండానే ఏడ్చింది.