నాలుగూ ఇరవైకి వచ్చిన కబురు

ఉదయం 8:40. దర్జీ ఆవిడ తడి దుప్పటి పిండుతోంది. ఒక కొస ఆమె చేతిలో, రెండో కొస భర్త చేతిలో.

డిటెక్టివ్ గుమ్మంలో ఆగాడు.

"చెప్పండి సార్. ఆ ఎముకలు మా అన్నవేనా?"

"మీ అన్నవేనమ్మా. మెడలో నంబర్ బిళ్ల దొరికింది."

పన్నెండు రోజుల క్రితం రోడ్డు పనివాళ్లు పాత యుద్ధభూమిలో తవ్వుతుంటే ఓ అస్థిపంజరం బయటపడింది. ఆమె అన్న సైన్యంలో టెలిఫోన్ లైన్‌మన్. పంతొమ్మిదేళ్లుగా రికార్డులో అతని పేరు పక్కన ఒకటే మాట: పారిపోయాడు. చనిపోయిన సైనికుల గోడ మీద అతని పేరు చెక్కలేదు. ఆమెను వీధి వీధంతా 'పిరికివాడి చెల్లెలు' అంది.

"ఆ మాట పుట్టించినవాడి నోరు పడిపోను! పేరు చెప్పండి సార్. తక్కింది నేను చూసుకుంటాను."

"ఇంకెవడు? మా దళం కెప్టెనే," అన్నాడు భర్త, దుప్పటి దండెం మీద వేస్తూ. "ఆయన పోయి ఏడేళ్లయింది. చచ్చినవాడితో ఏం కొట్లాడతావే?"

భర్త అప్పట్లో అదే దళంలో టెలిఫోన్ ఆపరేటర్. యుద్ధం అయిన మూడేళ్లకు, ఆమెను ఎవరూ చేసుకోని రోజుల్లో, అడిగి మరీ పెళ్లి చేసుకున్నాడు.

ముగ్గురూ లోపల కూర్చున్నారు. డిటెక్టివ్ ఓ ఫొటో బల్ల మీద పెట్టాడు. అస్థిపంజరం పక్కన దొరికిన టెలిఫోన్ తీగ. మధ్యలో టేపు చుట్టిన అతుకు.

ఆమె వంగి చూసింది.

"టేపు కొస మడత పెట్టి ఉంది. మా అన్న పనే! మళ్లీ విప్పాల్సొస్తే గోళ్లతో గీరుకుంటూ కూర్చోవాలా అనేవాడు. ఇస్త్రీపెట్టె వైరుకీ ఇలాగే చుట్టేవాడు."

డిటెక్టివ్ భర్త వైపు తిరిగాడు.

"ఆ రోజు కాపలా పోస్టులో ఎంతమంది?"

"ఇద్దరం. నేనూ, బావా."

"లైన్ ఎప్పుడు తెగింది?"

"సాయంత్రం నాలుగు దాటాక. బాంబు పడింది."

"మీరు బయటికి వెళ్లారా?"

"ఆపరేటర్ ఫోన్ వదిలి కదలకూడదు సార్. రూలు."

డిటెక్టివ్ హెడ్‌క్వార్టర్స్ లాగ్‌బుక్ కాపీ తెరిచాడు.

"4:05. లైన్ డెడ్. 4:20. లైన్ వచ్చింది. అదే నిమిషంలో మీ మెసేజ్. 'లైన్‌మన్ పారిపోయాడు. ఒంటరిగా ఉన్నాను. వెనక్కి రావడానికి అనుమతి కావాలి.' ఈ పేజీ చాలామంది చదివారు. తెగిన లైన్ మీద ఆ మెసేజ్ ఎలా వచ్చిందని ఎవరూ అడగలేదు. ఆ పదిహేను నిమిషాల్లో లైన్ అతికిందెవరు?"



"ఇద్దరుంటే పోస్టు వదలకూడదు," అన్నాడు భర్త. "ఒక్కడే మిగిలితే వెనక్కి రావచ్చు. భయమేసింది. బావ తిరిగొచ్చి నాలుగు తిడతాడు, అంతే అనుకున్నాను. రాలేదు."

"నన్నెందుకు చేసుకున్నావు నువ్వు?"

పదహారేళ్ల కాపురంలో ఆమె అతన్ని నువ్వు అనడం అదే మొదటిసారి.

ఆమె కాగితం, పెన్ను అతని ముందుకు తోసింది.

"రాయి. జరిగింది జరిగినట్టు."

"ఊళ్లో తలెత్తుకోలేను. నిన్ను పిరికివాడి పెళ్లాం అంటారే..."

"అననీ. నాకు అలవాటే. ఇక నువ్వు అలవాటు చేసుకో."

అతను రాశాడు. సంతకం పెట్టాడు. కింద డిటెక్టివ్ సాక్షి సంతకం చేశాడు. 9:25.

ఆమె కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. చెప్పులు వేసుకుంది.

"ఎక్కడికే? ఒక్కమాట విను..."

ఆమె మెట్లు దిగి, మిలిటరీ ఆఫీసు వైపు వెళ్లిపోయింది.