శాక పోసిన గ్లాసు

2084 నాటికి తెలంగాణలో ఏ ఇంట్లో కల్లు గ్లాసు ఉన్నా దాని అంచులో ‘వయోగ్రాహి’ అనే సెన్సర్ ఉండి తీరాలి. తాగేవాళ్ల ఉమ్మిలోని కణాలు చాలు దానికి. తాటిచెట్టు ఒంటి మీది మట్టల మచ్చలను చూసి చెట్టు వయసు చెప్పినట్టు, డీఎన్‌ఏ మీద ఏళ్లు వదిలిన గుర్తులను చదివి ఎక్సైజ్ వాళ్లు అడిగితే నెలలతో సహా మనిషి వయసు మాటల్లోనే చెప్పేస్తుంది. ఇరవై ఒకటి నిండనివాళ్లు తాగితే ఎర్రబడి, ఎక్సైజ్ ఆఫీసుకు కబురు పెడుతుంది. పోసినవాళ్లకు ఆరు నెలల జైలు. తాగింది పద్దెనిమిది లోపు పిల్లలైతే పోసిన ఇంట్లో ఆ పిల్లలను ఉంచరు. మూడు నెలలు బాలరక్షణ గృహమే.

ఇప్పుడు రవళిక ఇంట్లో గ్లాసు ఎర్రగా వెలుగుతోంది.

పొద్దున పాపకు పుట్టువెంట్రుకలు తీయించారు. ఇరవయ్యో అంతస్తు డాబా మీద పెంచిన తాటిచెట్టు కల్లుతో అత్త హారికమ్మ అమ్మవారికి నేల మీద ధారగా శాక పోసింది. ఆనవాయితీ ప్రకారం కల్లులో వేలు ముంచి పదకొండు నెలల పాప పెదవికి తాకించింది. తర్వాత గ్లాసు కోడలికిచ్చి, “ఒక్క గుక్క. తల్లి తాగాలె” అంది. రవళిక తాగింది. అంతే.

“వేలు మళ్ల గ్లాసుల ముంచినవా అత్తమ్మా? పాప ఉమ్మి అంటిందా?”

“నాకేం యాదికుంటది! ముందుగాల ఆ ఏడుపు బంద్ చెయ్యి.” హారికమ్మ చింతపండు పెట్టి గ్లాసును తోముతూనే ఉంది. ఎరుపు వదల్లేదు.

పాప ఇంకా తల్లిపాలే తాగుతుంది. సీసా నోట్లో పెడితే ఉమ్మేస్తుంది. మూడు నెలలు!

తలుపు మోగింది. ఎక్సైజ్ ఇన్‌స్పెక్టర్ అరుంధతి వచ్చి హారికమ్మ చేతిలోని గ్లాసును తీసుకుని బల్ల మీద పెట్టింది.

“ఎవరు తాగారు?”

“ఒక బాలిక,” అంది గ్లాసు. “పోసింది నా యజమాని హారికమ్మ.”

“మేడం, చుక్క గూడ కాదు,” అంది రవళిక. “పెదవికి తాకిందంతే. పాపను తీస్కపోకుండ్రి, మీ కాళ్లు మొక్కుత.”

ఇన్‌స్పెక్టర్ గ్లాసు వైపే చూస్తోంది. “వయసు?”

“పదిహేడేళ్ల రెండు నెలలు.”

రవళిక పాపతో ఒక అడుగు వెనక్కి వేసింది.

“మిషిను ఖరాబైంది!” హారికమ్మ లేచింది. “నా కోడలికి ఇరవై రెండు. కార్డు చూడుండ్రి.”

పెళ్లికి ముందు హారికమ్మే వయసు పెంచి చేయించిన కార్డు. రేషన్ షాపులో చెల్లింది, కాన్పుకు పోయిన ఆసుపత్రిలోనూ చెల్లింది. చెల్లీ చెల్లీ, చివరికి చేయించిన మనిషికే నిజమైపోయింది. లేకపోతే ఆ గ్లాసును కోడలి చేతికి ఇచ్చేదా?

ఇన్‌స్పెక్టర్ కార్డును చూసింది. రవళికను చూసింది. “నువ్వు చెప్పమ్మా. నిజంగా ఎన్నేళ్లు?”

రవళిక అత్త వైపు చూసింది.

“గ్లాసులో పాప ఉమ్మి లేదు,” అంది గ్లాసు, ఎవరూ అడక్కుండానే. “పాప ఇక్కడే ఉండవచ్చు. బాలికను తరలించాలి.”

రవళిక పాపను గుండెకు అదుముకుంది. పాప కొత్త గుండును ఆమె మెడకు రుద్దుతూ పాల కోసం వెతుక్కుంటోంది.

హారికమ్మ నేల మీద కూలబడి, “పసిపిల్ల మేడం! తల్లి లేకుంట ఎట్లుంటది?” అని ఏడ్చింది.

ఇన్‌స్పెక్టర్ కార్డును బల్ల మీద బోర్లించింది.

“ఇద్దరిలో ఏ పిల్ల సంగతమ్మా నువ్వడిగేది?”