కాళ్ళు ఆనని బల్ల

బల్ల కిందికి దిగింది, ఇంకాస్త దిగింది, ఇక నా వల్ల కాదన్నట్టు ఆగిపోయింది. అమరికదారు తవిటినాయుడు వంగి చూశాడు. వరహాలమ్మ భుజాలు చెవుల దాకా లేచి ఉన్నాయి. మోచేతులు బల్ల అంచు కంటే కిందే ఉండిపోయాయి.

"ఇంతేనేటిరా నాయుడూ? ఇంక దిగదా?"

"దిగదప్పా. కుర్చీ పైకి లేపుతానుండు."

కుర్చీ లేచింది. మోచేతులు బల్లకు సమంగా వచ్చాయి, మణికట్లు తిన్నగా నిలిచాయి, తెర పై అంచు కళ్ళకు ఎదురుగా వచ్చింది. పాదాలు మాత్రం గాలిలో వేలాడాయి. నేలలో బిగించిన పాదఫలకం ఎర్రగా వెలిగింది.

"దయచేసి పాదాలను ఫలకంపై ఉంచండి," అంది కార్యాలయాన్ని నడిపే యంత్రం సమన్వయి పైకప్పులోంచి, మగపెళ్ళివారిని పలకరించినంత మర్యాదగా. "మీ హాయి మా బాధ్యత."

హాయి చట్టం వచ్చాక విశాఖలో ఏ కార్యాలయమూ హాయిగా లేని మనిషి చేత పని చేయించకూడదు. వినడానికి ఎంత బాగుంది! నడుం నొప్పికీ మెడ నొప్పికీ కాలం చెల్లిందని అప్పట్లో ఊరేగింపులు కూడా తీశారు. తీరా జరిగిందేమిటంటే, బల్లకు అమరని మనిషిని ఇంటికి పంపడం మొదలైంది. అలా పంపిన మనిషిని అనమరిక అంటారు. అనమరికను మరే కార్యాలయమూ గడప తొక్కనివ్వదు. వాళ్ళ మేలు కోసమేనట.

వరహాలమ్మ పాత చెక్క బల్లను పోయిన వారం తీసుకుపోయారు. కొత్త రకాల్లో రెండు ఇప్పటికే కుదరలేదు, ఇదే ఆఖరిది. చూడ్డానికి ముచ్చటైన బల్లే. మోటారు చప్పుడు చేయదు, ఎవరి ఎత్తు ఎంతో గుర్తుపెట్టుకుంటుంది, ఎప్పుడు లేచి నిలబడాలో చెబుతుంది. ఎంత పొడుగు మనిషి కోసమైనా పైకి లేస్తుంది. కిందికి దిగడమే దానికి నామోషీ.

"ఇంటికాడ నుంచి పీట తెచ్చుకుంటాను. కాళ్ళ కింద ఎట్టుకుంటే అయిపోద్ది గదా?"

"పీటని సామాననుకుంటాదప్పా. దానికి పాదాలే ఆనాల. ఆనకపోతే మనిషే లేదంటాది."

"పోనీ నిలబడే చేస్తాను."

"నిన్న నిలబడ్డావు గదా. కాళ్ళు వాచిపోయి అటూ ఇటూ ఊగితే, అది కూడా రాసుకున్నాది."

వరహాలమ్మ చెప్పులు వదిలేసి, ఏళ్ళ తరబడి చేసినట్టే కుర్చీలో బాసింపట్టు వేసుకుంది. చెవులకు శ్రవణి తగిలించుకుంది. కొండ మీద నుంచి ఎవరో ముసలాయన వైద్యశాలకు తన కడుపు నొప్పి చెప్పుకుంటున్నాడు. ఆయన మాటల్ని యంత్రం రాసిన తీరు చదివి ఆమె తల కొట్టుకుంది. నొప్పి కుడి పక్కనైతే అది ఎడమ పక్కన అని రాసింది. వరహాలమ్మ దిద్ది పంపింది. భుజాలు దిగాయి, మొహం తేటపడింది. నాయుడికి ఆమె ఎంత హాయిగా ఉందో కళ్ళ ముందే కనిపిస్తోంది.

"ఆసనం ఖాళీగా ఉంది," అంది సమన్వయి.

హాయి అధికారి కమలాకర్ వచ్చాడు. "తేలిందా? తెమల్చవయ్యా, ఇంకా నలుగురున్నారు."

"మనిషి బాగానే కూర్చున్నాదండి. బల్లే..."

"ఆవిడ కాళ్ళు పొట్టివైతే బల్లేం చేస్తుందయ్యా? నొక్కెయ్. సాయంత్రం శాలువా కప్పి గౌరవంగా పంపిద్దాం."

నాయుడి చేతిపెట్టె మీద రెండు మీటలున్నాయి. 'మనిషి అమరదు' అన్న మీట మీద అక్షరాలు సగం చెరిగిపోయాయి. 'బల్ల అమరదు' అన్నది కొన్న రోజున ఉన్నట్టే నిగనిగలాడుతోంది.

"నొక్కెయ్‌రా నాయుడూ," అంది వరహాలమ్మ, తల తిప్పకుండానే. "నా మూలంగా నీకు మాట రాకూడదు."

నాయుడికి ఒళ్ళు మండింది. "నీ కాళ్ళకేటప్పా? నిక్షేపంలాగున్నాయి," అని నిగనిగలాడే మీట నొక్కాడు.

"దయచేసి సరిచూసుకోండి," అంది సమన్వయి. మళ్ళీ అదే నొక్కాడు. ఇంకోసారి అడిగింది. ఇంకోసారీ అదే నొక్కాడు.

హాల్లోవన్నీ ఈ రకమే, ఒకే అచ్చులో పోసిన బల్లలు. ఒకటి అమరదంటే ఏదీ అమరనట్టే. అమరని బల్ల దగ్గర, హాయిగా ఉందో లేదో మనిషిని అడిగి తెలుసుకునేదాకా పని చేయించకూడదని చట్టంలోనే ఉంది. దాని జోలికి ఇన్నాళ్ళూ ఎవరూ పోలేదు, అంతే. బల్లలన్నీ ఒక్కసారిగా దిగి, తమ నామోషీ దగ్గర ఆగిపోయాయి. తెరలు ఆరిపోయాయి.

"మీకు హాయిగా ఉందా?" అని సమన్వయి హాలంతటినీ అడిగింది.

జనం మొహమొహాలు చూసుకున్నారు. ఆ బల్లలు వాళ్ళను కొలవని రోజు లేదు, అడిగిన రోజు మాత్రం ఇదే.

"నీ ఉద్యోగం ఊడిందే అనుకో!" అని కమలాకర్ అరిచాడు. అనుకోనక్కర్లేదు, నాయుడి ఛాతీ మీది గుర్తింపు బిళ్ళ అప్పుడే నల్లబడింది. అయినా అతను పెట్టె వదల్లేదు.

పక్క బల్ల దగ్గరి జెసింత గొంతు సవరించుకుంది. "హాయిగా లేదు," అని కాళ్ళు పైకి లాక్కుని కుర్చీలో మడుచుకుంది. ఆమె వెనకాల ఒక పెద్దాయన బూట్లు విప్పాడు. ఆ వరసలో ఫలకాలు ఒకటొకటే ఎర్రబడ్డాయి, తర్వాత దాని వెనక వరస, ఆఖరికి హాలంతా.

"ఆసనం ఖాళీగా ఉంది. ఆసనం ఖాళీగా ఉంది."

"కాళ్ళు దించండమ్మా! దించండయ్యా!" అంటూ కమలాకర్ పెట్టె లాక్కోవడానికి నాయుడి మీదికి వచ్చాడు. ఆ తొందరలో వరహాలమ్మ కుర్చీ కింది ఫలకం మీద కాలు వేశాడు. హాలు మొత్తంలో అదొక్కటే పచ్చగా వెలిగింది. మిగతా కుర్చీలన్నీ ఖాళీ అనుకున్న సమన్వయి, తనకు దొరికిన ఆ ఒక్క మనిషినే అడిగింది.

"మీకు హాయిగా ఉందా?"