మా వీధి లైట్లు, కరెంటాఫీసు అమ్మాయి

చలికాలంలో మా వీధి అందం చూడాలండీ. చీకటి తొందరగా పడుతుంది, మంచు మెల్లగా దిగుతుంది, రెండు పక్కలా చెట్లకి చుట్టిన లైట్లు వెలుగుతాయి. ఆ లైట్లు కట్టేది మా అక్క కొడుకు. వీధంతా వాణ్ణి లైట్లబ్బాయి అంటారు. వాళ్ల నాన్న మొదలుపెట్టిన పని అది. బావ పోయాక వీడు అందుకున్నాడు.

పద్ధతి ఏంటంటే, ఏ ఇంటి ముందున్న చెట్టుకి ఆ ఇంటి కరెంటే. కిటికీలోంచి ఒక వైరు బయటికొచ్చి చెట్టెక్కుతుంది, అంతే. ఎవరి చెట్టు వాళ్లది, కట్టే చెయ్యి మాత్రం మా వాడిది.

ఆ రోజు మధ్యాహ్నం మా వాడు రోడ్డు పక్కన కూర్చుని, నెత్తిమీద నల్ల దుప్పటి కప్పుకుని బల్బులు చూసుకుంటున్నాడు. పగటి వెలుగులో ఏది మాడిపోయిందో కనపడదు కదా, అందుకని. దారిన పోతున్న ఒక అమ్మాయి ఆగింది. ఎవరో జ్వరంతో మూలుగుతున్నారనుకుంది పాపం.

"ఏమండీ, ఒంట్లో బాలేదా?"

"బానే ఉంది. దుప్పటి ఎత్తకండి, వెలుగొస్తుంది."

ఇంకెవరైనా అయితే పిచ్చోడనుకుని పోయేవాళ్లు. ఈ అమ్మాయి మోకాళ్ల మీద కూర్చుని, అంచు కొంచెం ఎత్తి, తను కూడా తల లోపల పెట్టేసింది. లోపలంతా నీలం వెలుగు. ఎంత బాగున్నాయండీ అంది. మా వాడి గుండె అక్కడే జారింది.

"నేను కరెంటాఫీసు నుంచి వచ్చాను. ఈ ఏడు ఇవి వద్దని చెప్పడానికి" అంది తర్వాత.

జారిన గుండె నేలకి తగిలింది.

అప్పట్నుంచి రోజూ వాదనే. చలికి ఇంటింటా హీటర్లు తిరుగుతున్నాయి, ఊరి చివర ఇళ్లకి సాయంత్రమైతే కరెంటు చాలట్లేదు, ఈ టైములో చెట్లకి అలంకారమా అని ఆవిడ. చలికాలం అయిదింటికే తలుపులేసుకునే ముసలాళ్లు ఈ లైట్ల కోసమే బయటికొచ్చి నలుగురితో మాట్లాడతారు, అది ఏ లెక్కలో రాస్తారని వీడు. వీధి కూడా రెండుగా చీలింది. ఇద్దరి మాటా నిజమే అనిపించి నేను మాత్రం ఏ గుంపులోనూ చేరలేదు.

నాకు ఆ అమ్మాయిలో నచ్చింది ఒకటుంది. వాదనలో గెలవాలని చూడలేదు, దారి వెతికింది. లైట్లు వెలిగే ఆ గంటసేపు ఇళ్లల్లో టీవీ, హీటరు, మిగతా దీపాలు అన్నీ ఆపేసి జనం వీధిలోకి వస్తే ఎలా ఉంటుందని అడిగింది. మా వాడు ఎగిరి గంతేశాడు. వాళ్ల పెద్ద ఇంజనీరు ఒక్క సాయంత్రం పరీక్షకి ఒప్పుకున్నాడు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర వీధి మొత్తానికి ఉన్న మీటరు మామూలు రోజుకన్నా ఎక్కువ తిరిగిందా, మర్నాడే లైట్లు విప్పేయాలి.

ఇక ఆవిడ ఇంటింటికీ వెళ్లి చెప్పడం, వెనకే మా వాడు నిచ్చెన మోసుకుని తిరగడం. నిచ్చెనతో పని లేని ఇళ్లకి కూడా మోశాడు. ఒకరోజు ధైర్యం చేసి, మీకో మాట చెప్పాలండీ అని మొదలుపెట్టాడు.

"పరీక్ష అయ్యేదాకా చెప్పకండి" అందావిడ. "మీటరు చదివేది నేను. ముందే వింటే, రేపు నేను నిజం చెప్పినా ఎవరూ నమ్మరు."

వాడు నా దగ్గరికొచ్చి మామయ్యా, ఆవిడకి తెలిసిపోయింది అన్నాడు. తెలిసీ తిట్టలేదంటే సగం పని అయినట్టేరా అన్నాను.

పరీక్ష సాయంత్రం రానే వచ్చింది. పెద్ద ఇంజనీరు కూడా చూడ్డానికి వచ్చాడు. వీధి దీపాలు కూడా ఆపించారు. చెట్లన్నీ ఒక్కసారిగా వెలిగాయి. ఇళ్లల్లో అన్నీ ఆపేయండి అని ఆవిడ గట్టిగా చెప్పింది.

మరుక్షణం వీధి మొత్తం చీకటి. చెట్లతో సహా.

జరిగిందేంటంటే, ఒక్కో స్విచ్చూ ఎవరు వెతుకుతారని మా అక్క ఇంటి మొత్తానికీ ఉన్న మెయిన్ స్విచ్చే కట్టేసింది. తన తెలివి కుడి పక్కా ఎడమ పక్కా గోడ మీంచి ముందే చెప్పింది. అలా ఆ చివరిదాకా పాకింది. చెట్టు కరెంటు కూడా ఆ ఇంట్లోంచే వస్తుందన్న సంగతి, చెప్పిన మాట మీది భక్తిలో ఒక్కరికీ గుర్తు రాలేదు.

మా వాడికి ఇదేం తెలీదు. తన వైర్ల వల్లే ట్రాన్స్‌ఫార్మర్ పోయిందనుకున్నాడు. చీకట్లో ఆ అమ్మాయి పక్కన నిలబడి అన్నాడు.

"మా నాన్న లైట్లు ఈ ఏటితో సరి. పొద్దున్నే విప్పేస్తాను. పరీక్ష పోయింది కాబట్టి ఇంక చెప్పొచ్చు. మీరంటే నాకు ఇష్టం. లైట్లు వద్దని వచ్చి కూడా ముందు బాగున్నాయన్నారు చూడండి, అప్పట్నుంచి."

ఈలోగా మా అక్క నాలిక్కరుచుకుని, ఇంట్లో స్విచ్చులన్నీ తడుముకుని ఆపి, మెయిన్ పైకి లేపింది. మా చెట్టు వెలిగింది. దాన్ని చూసి పక్కింటివాళ్లు, వాళ్లని చూసి ఎదురింటివాళ్లు అలాగే చేశారు. ఒక్కో చెట్టే నీలంగా, పసుప్పచ్చగా మేలుకుంటూ ఆ చివరిదాకా వెళ్లింది. ఏళ్ల తరబడి చూస్తున్నాను గానీ ఇంత అందంగా ఎప్పుడూ వెలగలేదు. ఇళ్లు నల్లగా ఉండటంతో మంచు కూడా రంగులు పూసుకుంది.

ఆ వెలుగులో చూస్తే అందరూ గుమ్మాల్లోనే ఉన్నారు. అందరూ విన్నారు.

పెద్ద ఇంజనీరు దగ్గి, ఇప్పట్నుంచి గంట లెక్కపెడదాం, మీటరు చూడమ్మా అన్నాడు.

"నేను చూడనండి. మీరే చదవండి" అంది ఆవిడ తల దించుకుని. "ఈ వీధిలో నేనిప్పుడు ఒక పక్షం."

ఆ గంట ఎలా గడిచిందో తెలీదు. ముసలాళ్లు కుర్చీలు తెచ్చుకున్నారు. వద్దన్న గుంపు, కావాలన్న గుంపు ఒకే చెట్టు కింద చేరి చలికి చేతులు రుద్దుకున్నారు. చివరికి ఇంజనీరు టార్చి వేసి మీటరు చదివాడు. మామూలు రోజుకన్నా బాగా తక్కువ. లైట్లు ఉండొచ్చు అన్నాడు.

వీధంతా చప్పట్లు. ఆవిడ నేరుగా మా వాడి ముందుకొచ్చింది.

"ఇందాకటి మాట మళ్లీ చెప్పండి. చీకట్లో మీ మొహం కనపడలేదు."

మా వాడు నిచ్చెన సర్దుకోవడం మొదలుపెట్టాడు. వెనకనుంచి మా అక్క అంది.

"చెప్పరా. మెయిన్ దగ్గరున్నాను, నాకు సగమే వినపడింది."