నలభై చిమ్మటలు, నలభై చీటీలు

ఆ అమ్మాయి మ్యూజియం స్టోర్‌కీపర్‌తో అన్న మొదటి మాట, "ముందు ఆ ఫ్యాన్ ఆపండి."

ఎండిన చిమ్మటల రెక్కలు గాలికి నిలవవట. స్టోర్‌కీపర్ ఉలిక్కిపడి స్విచ్ ఆపాడు. నెల కిందట, కరెంటు లేని వేళ, సరిగ్గా ఆ ఫ్యాన్ కిందే ఆ చిమ్మటల పెట్టె తెరిచాడు మరి. పురుగుల్ని గుచ్చి ఉంచిన సూదులు తుప్పు పడితే మారుద్దామని, పేర్లు రాసిన చీటీలన్నీ తీసి పక్కన పేర్చాడు. ఇంతలో కరెంటు వచ్చింది. నలభై చీటీలూ గదంతా ఎగిరాయి. ఏది ఏ పురుగుదో ఇక ఆ దేవుడికే తెలియాలి. వాటిని ఏరి కవర్లో దాచేసి, ఈ పెట్టెకు మొదటి నుంచీ చీటీలు లేవని పైకి రాసి పంపాడు. పేర్లు కనిపెట్టమని యూనివర్సిటీ ఈ అమ్మాయిని పంపింది.

మొదటి వారమంతా అతనికి చీవాట్లే. గట్టిగా నడవకూడదు, టీ కప్పు బల్ల దరిదాపులకు రాకూడదు. రెండో వారం దీపం పట్టుకునే పని దొరికింది. ఈ రెక్క ఏ రంగని ఆమె అడిగితే, ప్రతిదానికీ టీ రంగే అనేవాడు. మీకు లోకమంతా టీయేనా అని ఆమె నవ్వేది. ఆ నవ్వుకు మనవాడు పీకల్లోతు మునిగిపోయాడు. తమ్ముడి ముఖం చూసిన అక్క, ఏదున్నా చెప్పెయ్యరా, దాస్తే దాగదు అంది. ఆవిడ ప్రేమ సంగతి అనుకుంది పాపం.

చివరి రోజు ఆమె భూతద్దం పక్కన పెట్టేసింది.

"నలభై పేర్లూ రాశాను. ఒక్కటి కూడా ధైర్యంగా చెప్పలేను. నాకు చేతకాలేదని చెప్పి రీసెర్చ్ మానేస్తాను."

ఆమె కళ్లలో నీళ్లు చూశాక అతను ఉద్యోగం గురించి ఆలోచించలేదు. సొరుగు లాగి కవరు తెచ్చి ముందు పెట్టాడు.

"ఇవి వాటి చీటీలండి. కలిపేసింది నేనే. భయపడి దాచాను."

పెట్టెలో నలభై రకాలు, రకానికొకటి. ఆమె చీటీలు గుమ్మరించి, తన జాబితాతో ఒక్కొక్కటే టిక్కు పెట్టుకుంటూ పోయింది. ముప్ఫై తొమ్మిది సరిపోయాయి. మిగిలింది ఒక్క చీటీ, ఒక్క పురుగు. దాన్ని మళ్లీ భూతద్దం కింద చూసి, ఇది ఆడది కదా, మగదానిలా ఉండదు, అందుకే మోసపోయాను అని గొణుక్కుంది. ఆ తర్వాత తల బల్లకు ఆనించి చాలాసేపు నవ్వింది.

"మూడు వారాలు నా ప్రాణాలు తోడేశారు."

"తిట్టండి."

"తిడతాను. ముందు ఊపిరి పీల్చుకోనివ్వండి."

అతను అప్పుడే వెళ్లి పెద్దాఫీసరుకు కూడా ఉన్నదంతా చెప్పేశాడు. ఆయన అరగంట దులిపేసి, చీటీలన్నీ ఈ నెలలోగా తిరిగి గుచ్చకపోతే ఇంటికి పంపుతానన్నాడు. బతుకుజీవుడా అనుకుంటూ బయటికొస్తే వాన. మెట్ల మీద ఆమె ఇంకా నిలబడే ఉంది. ఉద్యోగం ఉందా ఊడిందా అని అడిగింది. ఉందన్నాడు. ఆమె ముఖం తేటపడింది.

"ఇంకో సంగతి కూడా దాచానండి," అన్నాడు అతను.

"దానికి భూతద్దం అక్కర్లేదు లెండి. చెప్పడానికి ఇంకో మూడు వారాలు కావాలా?"

"మీరంటే నాకు చాలా ఇష్టం."

ఆమె గొడుగు విప్పి అతని చేతికిచ్చింది.

"నాకూను. ఇది దేనితోనూ సరిచూసుకోనక్కర్లేదు."