కడలితీగ ఇచ్చిన మాట

కాకినాడలో ఇప్పుడు పూలకుండీ ఉన్న ప్రతి ఇంటా ఒక తరుభాషిణి ఉంది. మొక్క గాలిలోకి వదిలే వాసనలను ఆకుకు తగిలించిన సెన్సర్ పసిగడుతుంది, యంత్రం వాటిని తెలుగు మాటలుగా తెర మీద చూపిస్తుంది. మనం చెప్పదలచుకున్నదాన్ని వాసనగా మార్చి మొక్కకు చేరవేసేదీ అదే. మల్లెపొద సణుగుడు భరించలేక యంత్రాన్ని కట్టేసిన ఇళ్లూ లేకపోలేదు.

దాన్ని కనిపెట్టిన నూకరత్నం మాత్రం కోరింగ మడ అడవిలో ఒక్క కడలితీగ దగ్గరే పడిగాపులు కాస్తోంది. మడచెట్లను పెనవేసుకుని మానులా గట్టిపడిన ఆ తీగ జాతిలో మిగిలింది అదొక్కటే. పూత లేదు, గింజ లేదు, కొమ్మ నాటితే బతకదు. అది పోతే జాతే పోయినట్టు.

నూకరత్నం పడవలవాళ్ల బిడ్డ. వాళ్లు "నీకు చెప్పే కోత్తన్నామమ్మా" అననిదే ఏ తీగనూ కోయరు. ఆ అలవాటు కొద్దీ ఆమె రోజూ కడలితీగకు మొదట పంపే మాట ఒకటే: "నన్ను నమ్ము. నీకు అబద్ధం చెప్పను."

ఒక ఉదయం తీగ నిండా ఊదారంగు పూలు! ఆమెకు కన్నీళ్లు ఆగలేదు.

"ఇన్నాళ్లకి పూసేవేమ్మా?"

"పురుగొస్తోందని చెప్పావుగా. చచ్చేలోగా పిల్లల్ని వదలాలి," అంది తెర.

ఆమె అలాంటి మాటే చెప్పలేదు. ఆ యంత్రాన్ని ముట్టుకునేది తనూ, తను చేతులారా పని నేర్పిన ప్రభంజనూ మాత్రమే.

"నేనే చెప్పేనక్కా," అన్నాడతను, తల దించుకోకుండానే. "ప్రాణభయం పెడితే గానీ పూయదది. నిన్నడిగితే ఒప్పుకోవు కదా."

"నా పేరున అబద్ధమాడేవురా! నమ్మి నీ చేతికిచ్చేనే!"

"అయితే ఇప్పుడే నిజం చెప్పెయ్యి. పూలన్నీ రాల్చేత్తాది. చెప్పు మరి!"

ఆమె మీట మీద వేలు పెట్టింది. పూలకేసి చూసింది. వేలు తీసేసింది. తమ్ముడిలా చూసుకున్నవాడు చేసిన ద్రోహానికి కడుపు రగిలిపోతూనే ఉంది. అయినా, గింజలు చేతికొచ్చాక చెబుదాంలే అనుకుంది.

పురుగు రాలేదు. పక్క మడచెట్లు నిగనిగలాడుతూనే ఉన్నాయి. కడలితీగకు మాత్రం గుత్తులు గుత్తులుగా కాయలు దిగాయి. ఎండిన తొలికాయను నూకరత్నమే ఒలిచింది. ఖాళీ. రెండోదీ అంతే. ప్రభంజన్ గుత్తులకు గుత్తులు తెంపి చీల్చాడు. ఒక్క గింజ లేదు.

"గింజలేవమ్మా?" తీగను అడిగింది ఆమె.

"నిండా ఉన్నాయి," అంది తెర.

"యంత్రం పాడైనట్టుందక్కా," ప్రభంజన్ కంగారుగా సెన్సర్ విప్పబోయాడు.

"బాగానే ఉందిరా," అంది ఆమె, డొల్లకాయలు ఒళ్లో పోసుకుని.

తెర మీద మళ్లీ అక్షరాలు కదిలాయి.

"నన్ను నమ్ము. నీకు అబద్ధం చెప్పను."